పాత బండి కార్బొరేటర్‌లో ఫ్లోట్ లెవెల్: పనిముట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, పరకాల, హుజూరాబాద్ వైపు పాత యెజ్దీలు, ఆర్‌ఎక్స్ 100లు, ఆర్‌డీ 350లు, స్టాండర్డ్ బుల్లెట్లు ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని సొంతంగా విప్పి చూసుకోవాలనుకునేవారు మొదట తడబడేది కార్బొరేటర్ దగ్గర, అందులోనూ ఫ్లోట్ దగ్గర. ఈ పేజీ ఆ ఒక్క పని గురించే. జెట్ల సైజులు, స్లైడు అరుగుదల, పాయింట్ల టైమింగ్ గురించి ఇక్కడ వెతకవద్దు.

ఫ్లోట్ లెవెల్ అంటే ఏమిటి? దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

మిద్దె మీది నీళ్ల ట్యాంకులో బంతి తేలి నీటిని ఆపినట్టే, కార్బొరేటర్ అడుగున ఉండే బౌల్‌లో ఫ్లోట్ పైకి తేలి, నీడిల్ అనే మొనదేలిన చిన్న కడ్డీని సీటులోకి, అంటే పెట్రోలు వచ్చే రంధ్రంలోకి నొక్కి పెట్రోలును ఆపుతుంది. పెట్రోలు ఏ ఎత్తులో ఆగుతుందో అదే లెవెల్.

ఐడిల్‌కు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టయినా, త్రాటిల్ తెరిచినప్పుడు ఇచ్చే మెయిన్ జెట్టయినా పెట్రోలును ఈ మట్టం నుంచే పైకి అందిస్తుంది. మట్టం పెరిగితే ఇంజిన్ చిన్నగా పీల్చినా పెట్రోలు లేచి వస్తుంది, గాలి, పెట్రోలు మిశ్రమం చిక్కబడుతుంది. తగ్గితే అదే పీల్పుకు తక్కువ లేస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. పీల్పు బలహీనంగా ఉండే ఐడిల్‌లోనూ, త్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడూ ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది. మట్టం చూసుకోకుండా జెట్లు మార్చుకుంటూ పోయేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. సున్నా సరిగా లేని తూకంతో ఎంత తూచినా లెక్క కుదరదు.

లెవెల్ తప్పిందని బండి నడకలో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. మట్టం ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసిబారుతుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ బరువుగా గుడగుడలాడుతుంది, సైడ్ స్టాండు మీద వంచి పెడితే ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు పడతాయి. మైలేజీ పడిపోవడం వేరే చెప్పనక్కరలేదు.

తక్కువైతే గుర్తుపట్టడం కష్టం. ఊళ్లో బాగానే తిరుగుతుంది. కరీంనగర్ రోడ్డెక్కి ఒకే వేగంతో కొంతసేపు లాగితే అప్పుడు దగ్గుతుంది. త్రాటిల్ మూసి తెరిస్తే మళ్లీ కోలుకుంటుంది. టూ స్ట్రోక్ బండికి ఇది మరీ ప్రమాదం. ఆర్‌ఎక్స్, ఆర్‌డీ, యెజ్దీ ఇంజిన్లలో పెట్రోలుతో పాటే ఆయిలూ లోపలికి వెళుతుంది లేదా దానికి తోడుగా పంపు నుంచి వస్తుంది. మిశ్రమం పలచబడి వేడి పెరిగితే పిస్టన్ పట్టేస్తుంది. అనుమానం ఉంటే చిక్కటి వైపే ఉండటం మంచిది.

అయితే ఈ లక్షణాలే వేరే కారణాలతోనూ వస్తాయి. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా, పెట్రోల్ ట్యాప్ జాలీలో తుప్పు చేరినా బండి అచ్చంగా లెవెల్ తక్కువైనట్టే ప్రవర్తిస్తుంది. దగ్గినప్పుడు ట్యాంకు మూత తెరిచి చూడండి. వెంటనే సర్దుకుంటే కార్బొరేటర్‌ను ముట్టుకోనక్కరలేదు.

ఫ్లోట్ ఎత్తు, పెట్రోలు మట్టం ఒకటేనా?

కాదు. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లే సగం గందరగోళం.

ఫ్లోట్ ఎత్తు అనేది లోహం మీద తీసే కొలత. బౌల్ విప్పి, కార్బొరేటర్‌ను తలకిందులు చేసి, గాస్కెట్ కూర్చునే తలం నుంచి ఫ్లోట్ అవతలి అంచు వరకు ఎంత ఉందో చూస్తారు. పెట్రోలు మట్టం అనేది బౌల్‌లో నిజంగా పెట్రోలు ఎక్కడిదాకా నిలిచిందో చూసే కొలత. మొదటిది పెరిగితే రెండోది తగ్గుతుంది. ఫ్లోట్ ఎత్తు అంకె పెద్దదైతే ఫ్లోట్ ఇంకా కిందనే ఉండగా నీడిల్ మూసుకుంటుంది, పెట్రోలు తక్కువగా నిలుస్తుంది. ఎత్తు సరిచేయడానికి వంచేది ఫ్లోట్ పట్టీ మీద నీడిల్‌ను నొక్కే చిన్న రేకును, అదే నాలుక. ఈ తలకిందుల లెక్క మరిచిపోయి దాన్ని వంచాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా వంచేవారు ఎందరో.

ఇంకో తేడా ఉంది. ఫ్లోట్ బరువెక్కితే, అంటే ఇత్తడి ఫ్లోట్‌లో చిల్లు పడి పెట్రోలు చేరినా, ప్లాస్టిక్ ఫ్లోట్ పగిలినా, ఫ్లోట్ ఎత్తు కొలతలో ఏమీ తెలియదు. అంకె సరిగ్గానే ఉంటుంది, బండి మాత్రం కారుతూనే ఉంటుంది. పెట్రోలు మట్టం కొలత అయితే ఆ తప్పును వెంటనే బయటపెడుతుంది. ఒక్క పద్ధతే ఎంచుకోమంటే నేను గొట్టం పెట్టి పెట్రోలు మట్టం చూసే పద్ధతినే ఎంచుకుంటాను.

ఏ పనిముట్లు ఉండాలి?

తప్పనిసరి అనదగ్గవి తక్కువే. డెప్త్ రాడ్ ఉన్న వెర్నియర్ కాలిపర్ ఒకటి. డిజిటల్ అయినా ఫరవాలేదు, పాతకాలం గీతల వెర్నియర్ అయినా ఫరవాలేదు. 0.02 మిల్లీమీటర్ల వరకు చూపిస్తుందని గొప్పలు పోయే పరికరం ఈ పనికి అవసరం లేదు. చాలా మాన్యువళ్లు ఫ్లోట్ ఎత్తులో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు అటూఇటూ తేడాను ఒప్పుకుంటాయి. స్టీలు స్కేలు మాత్రం వద్దు, చూసే కోణాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఆ తర్వాత సన్నని ముక్కు ప్లయర్, చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్, పారదర్శకమైన గొట్టం, ట్యాంకుకు బదులు వేలాడదీయడానికి ఒక సీసా. సీసా నుంచి పెట్రోలు తేవడానికి మందుల షాపులో దొరికే సెలైన్ సెట్టు పనికొస్తుంది. బిందువులు రాల్చే గది, చక్రం బిగింపు కూడా దాంతోనే వస్తాయి. పెట్రోలు తగిలితే ఆ గొట్టం కొన్నాళ్లకు గట్టిపడి పెళుసెక్కుతుంది కాబట్టి ఒకటి రెండు వాడకాలకే పరిమితం చేసుకోండి. బండికి శాశ్వత పెట్రోలు పైపుగా ఎప్పుడూ బిగించవద్దు.

సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి కూడా అదే షాపులో తీసుకోండి. దాని పని కిందికి వెళ్తే తెలుస్తుంది.

కంపెనీల అసలు గేజ్‌లు కొనడం అవసరమా?

హోండాకు 07401-0010000 నంబరుతో ఒక ఫ్లోట్ లెవెల్ గేజ్ ఉంది. గాస్కెట్ తలం మీద నిలబెట్టి జరిపే బల్ల కొలబద్ద అది. యమహా సర్వీసు పుస్తకాల్లో 90890-01312 నంబరుతో కనిపించేది పెట్రోలు మట్టం చూసే గొట్టం గేజ్. రెండూ మంచివే. వర్క్‌షాపులో రోజుకు పది కార్బొరేటర్లు చూసేవారికి సమయం మిగులుతుంది. ఇంట్లో ఒకటో రెండో బండ్లు ఉన్నవారికి ఆ డబ్బుతో కొత్త నీడిల్, సీటు, గాస్కెట్ కొనుక్కోవడమే మేలు.

గేజ్‌ను సొంతంగా తయారు చేసుకోవచ్చా?

చక్కగా చేసుకోవచ్చు. గడువు తీరిన బ్యాంకు కార్డు తీసుకోండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు, అంచులు నిటారుగా ఉంటాయి. ఒక పక్క రెండు కాళ్లు వదిలి మధ్యలో ఫ్లోట్ పట్టేంత వెడల్పుగా గాడి కత్తిరించండి. కాళ్లు గాస్కెట్ తలం మీద ఆనాలి, గాడి పైఅంచు ఫ్లోట్‌ను తాకీ తాకనట్టు ఉండాలి. గాడి లోతే మీ ఫ్లోట్ ఎత్తు. మాన్యువల్ 21 చెప్పి అర మిల్లీమీటరు తేడా ఒప్పుకుంటే, ఒక కార్డును 20.5కి, ఇంకోదాన్ని 21.5కి కత్తిరించండి. మొదటిది ఫ్లోట్‌కు తగలాలి, రెండోది తగలకుండా పోవాలి. అంకె చదవడం, వెర్నియర్ వణకడం, చీకట్లో కళ్లు చికిలించడం ఏమీ ఉండవు. ఆకురాయితో అంచు సరిచేసి, ప్రతి కార్డు మీదా ఏ బండిదో మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

ఇంకా గట్టిది కావాలంటే లేత్ షాపులో చిన్న ఇత్తడి ముక్క మీద మెట్టు తీయించుకోవచ్చు. వరంగల్‌లో లేత్ పనివారికి కొదవ లేదు. కొలత నోటితో చెప్పకుండా బొమ్మ గీసి ఇస్తే పని తప్పు పోదు. డ్రిల్ బిట్ల కాడలు కూడా కొలబద్దలే. కాడ వ్యాసం దాని సైజుకు దాదాపు సమానంగా ఉండే చిన్న బిట్లతో ఫ్లోట్ కింది సందును చూడవచ్చు.

వెర్నియర్‌తో కొలిచేటప్పుడు అంకె ప్రతిసారీ మారుతోంది. ఎందుకు?

చాలా నీడిళ్ల వెనుక చిన్న స్ప్రింగు పిన్ను ఉంటుంది. కార్బొరేటర్‌ను పూర్తిగా తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువంతా ఆ పిన్ను మీద పడి స్ప్రింగు నొక్కుకుపోతుంది, ఎత్తు తక్కువగా కనిపిస్తుంది. అందుకే కార్బొరేటర్‌ను నిలువుగా పట్టుకుని మెల్లగా వాలుస్తూ రండి. ఫ్లోట్ నాలుక నీడిల్ పిన్నును తాకి, ఇంకా నొక్కని క్షణం ఒకటి వస్తుంది. కొలత అక్కడే తీయాలి. కొన్ని మాన్యువళ్లు మాత్రం పూర్తిగా తలకిందులు చేసి, ఫ్లోట్ తన బరువు మీద తాను ఆనినప్పుడే కొలవమంటాయి. మీ కార్బొరేటర్‌కు ఏది రాశారో చూసి అదే పాటించండి. ఒక పద్ధతి అంకెను ఇంకో పద్ధతితో తీసిన కొలతతో పోల్చకూడదు.

గాస్కెట్ అంటుకుని ఉంటే పూర్తిగా తీసేయండి. మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప కొలత లోహపు తలం నుంచే. డెప్త్ రాడ్‌తో ఫ్లోట్‌ను నొక్కకండి, తాకిందో లేదో వెలుతురు గీత చూసి తెలుసుకోండి. జంట ఫ్లోట్లు ఉంటే రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా లేకపోతే మధ్య పట్టీ మెలిపడిందని అర్థం. ముందు దాన్ని సరిచేయండి.

మికుని కంపెనీ వీఎం రకం కార్బొరేటర్లు కొన్నింటిలో ఫ్లోట్లు బౌల్‌లోనే పిన్నుల మీద విడిగా జారుతుంటాయి, పైన కేవలం చేతుల్లాంటి లీవర్ ఉంటుంది. అక్కడ కొలవాల్సింది ఫ్లోట్‌ను కాదు, ఆ లీవర్‌ను.

గొట్టం పెట్టి పెట్రోలు మట్టం చూడటం ఎలా?

బండిని సెంటర్ స్టాండు మీద, చదునైన నేల మీద నిలబెట్టండి. మన ఇళ్ల ముందరి వాకిళ్లు నీళ్లు పారడానికి వాలుగా కడతారు కాబట్టి కంటికి చదునుగా కనిపించినా నమ్మవద్దు. ఫోనులోని లెవెల్ యాప్ చాలు. చూడాల్సింది నేలను కాదు, కార్బొరేటర్ గాస్కెట్ తలాన్ని. అది అడ్డంగా సమంగా ఉండాలి.

బౌల్ అడుగున డ్రెయిన్ నాజిల్ ఉంటే దానికి పారదర్శక గొట్టం తొడిగి, పైకి మడిచి, కార్బొరేటర్ పక్కనే నిలువుగా ఆనించి పట్టుకోండి. తర్వాతే డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి, పెట్రోలు తెరవండి. గొట్టంలో పెట్రోలు లేచి ఒకచోట ఆగుతుంది. బౌల్, బాడీ కలిసే గీత నుంచి అది ఎంత కింద ఉందో కొలవండి. పెట్రోలు ఉపరితలం గొట్టం అంచుల వెంట కొంచెం పైకి పాకుతుంది. మధ్యలోని పల్లాన్నే చదవాలి. గొట్టం మరీ సన్నగా ఉంటే ఈ పాకుడు ఎక్కువై కొలత తప్పుతుంది. లోపలి వ్యాసం ఐదారు మిల్లీమీటర్లు ఉన్న ముక్క ఎంచుకోండి. సెలైన్ గొట్టం దీనికి సన్నం. దాన్ని సీసా నుంచి కార్బొరేటర్‌కు పెట్రోలు తేవడానికి వాడి, కొలతకు వెడల్పు గొట్టం పెట్టుకోండి.

ఒక సూక్ష్మం ఉంది. కొలిచే మధ్యలో గొట్టాన్ని కిందికి దించి మళ్లీ పైకెత్తకండి. దించినప్పుడు బౌల్‌లోని పెట్రోలు గొట్టంలోకి దిగుతుంది, ఆ లోటుకు ట్యాంకు నుంచి కొత్త పెట్రోలు వస్తుంది. ఎత్తినప్పుడు దిగినదంతా తిరిగి బౌల్‌లోకి చేరుతుంది. కొలత నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. గొట్టం కదిలిందంటే ట్యాప్ మూసి, పెట్రోలు వంపేసి, మొదటి నుంచి మొదలుపెట్టండి.

సీసాను ట్యాంకు ఉండే ఎత్తులోనే వేలాడదీయండి. మరీ పైన దూలానికి కడితే ఒత్తిడి పెరిగి నీడిల్ మూసుకోవడం ఆలస్యమవుతుంది, మట్టం కొంచెం ఎక్కువ చూపిస్తుంది. సీసా మూతకు గాలి రంధ్రం పెట్టడం మరవకండి.

నా బౌల్‌కు డ్రెయిన్ నాజిల్ లేదు. ఏం చేయాలి?

పాత సామాన్ల షాపులో అదే మోడల్ బౌల్ ఇంకొకటి సంపాదించండి. గీతలు పడినదైనా సరే, గాస్కెట్ అంచు బాగుంటే చాలు. దాని అడుగున రంధ్రం పెట్టించి చిన్న ఇత్తడి నాజిల్ బిగించుకోండి. కొలిచేటప్పుడు మీ బౌల్ తీసి ఇది పెట్టడం, పనయ్యాక మార్చేయడం. అడుగున పెద్ద బోల్టు ఉన్న బౌల్ అయితే ఇంకా సులువు. అదే మరతో ఇంకో బోల్టుకు లోపల రంధ్రం తీయించి నాజిల్ అతికిస్తే బౌల్‌ను కదపాల్సిన అవసరమే ఉండదు.

మెకానిక్‌లు నోటితో ఊది చూస్తారు. అది సరైనదేనా?

అనుభవం ఉన్న చేతుల్లో ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. పెట్రోలు వచ్చే నాజిల్‌కు పైపు తగిలించి ఊదుతూ, ఫ్లోట్‌ను వేలితో మెల్లగా ఎత్తుతారు. గాలి ఏ ఎత్తులో ఆగిందో చూస్తారు. నీడిల్ ఎక్కడ మూసుకుంటుందో దీనితో తెలుస్తుంది. కానీ పెట్రోలు తగిలిన పైపును నోట్లో పెట్టుకోవడం, పెట్రోలును నోటితో పీల్చడం మంచి అలవాట్లు కావు. గుటక పడకపోయినా ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సిరంజి ఇందుకే. కార్బొరేటర్‌ను తలకిందులు చేసి, నాజిల్‌కు చిన్న పైపుతో సిరంజి తగిలించి, దండాన్ని మెల్లగా నొక్కి పట్టుకోండి. నీడిల్ మంచిదైతే దండం ఎదురుతన్నుతుంది. కారుతుంటే మెల్లగా లోపలికి పోతూనే ఉంటుంది. నోటి ఊపిరి కంటే ఇది చిన్న కారుడును కూడా పట్టిస్తుంది.

లెవెల్ ఎన్నిసార్లు సరిచేసినా పెట్రోలు కారడం ఆగలేదు. ఇంకా వంచాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

కారుతున్న కార్బొరేటర్లలో లెవెల్ తప్పినవి తక్కువ, నీడిల్ మూసుకోనివి ఎక్కువ. మూసుకోని నీడిల్‌కు నాలుక ఎంత వంచినా లాభం లేదు. కారుడు ఆగినట్టు కనిపిస్తే అది మట్టం ప్రమాదకరంగా దిగిపోవడం వల్లే, రేపు ఆ బండే హైవే మీద పలచబడుతుంది. నాలుకను ముట్టుకునే ముందు నీడిల్ కొనను భూతద్దంతో చూడండి. కొన చుట్టూ మెరిసే గాడి పడితే కొత్తది వేయాలి. రబ్బరు కొన ఉబ్బినా, పగిలినా అంతే. ఇత్తడి సీటులో మురికి ఉంటే దూది పుల్లకు మెటల్ పాలిష్ అద్ది మెల్లగా తిప్పి, తర్వాత బాగా కడగండి. ఎమరీ కాగితం ఆ చుట్టుపక్కలకే రానివ్వద్దు. నీడిల్ వెనుక స్ప్రింగు పిన్ను నొక్కితే తిరిగి లేస్తోందో లేదో చూడండి. ఫ్లోట్ ఇరుసు పిన్ను అరిగి ఫ్లోట్ పక్కకు ఊగుతోందేమో, బౌల్ గోడకు రాసుకుంటోందేమో చూడండి.

విప్పే ముందు ఒక చిన్న ఉపాయం: స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ పక్కన రెండు మూడు సార్లు తట్టండి. ట్యాంకు తుప్పు రేణువు ఇరుక్కుని ఉంటే కొట్టుకుపోతుంది. ఆగిందంటే కార్బొరేటర్‌ది తప్పు కాదు, ట్యాంకుది.

మార్కెట్లో దొరికే నకిలీ కిట్లలో నీడిల్ ఒక పొడవు, సీటు ఇంకో కోణంతో వస్తుంటాయి. నీడిల్ మార్చిన ప్రతిసారీ లెవెల్ మళ్లీ చూడాల్సిందే. సీటు కింద వైసర్ మందం మారినా మట్టం మారుతుంది. కింది నుంచి బిగించే సీటుకు మందపు వైసర్ పడితే సీటు దిగుతుంది, పెట్రోలు ముందే ఆగుతుంది.

నాలుకను ఎలా వంచాలి?

చాలా కొద్దిగా, ఫ్లోట్‌ను బాడీ నుంచి విడదీసి. బిగించి ఉండగా వంచితే ఆ బలమంతా నీడిల్ కొన మీద పడి దానికి గాడి పెడుతుంది. సన్నని ముక్కు ప్లయర్‌తో నాలుకను పట్టుకుని ఇంకో చేత్తో ఫ్లోట్ పట్టీని నిలిపి వంచండి. నాలుక నీడిల్ వైపు వంగితే పెట్రోలు మట్టం తగ్గుతుంది, దూరంగా వంగితే పెరుగుతుంది. నీడిల్ ఇరుసుకు దగ్గర, ఫ్లోట్ దూరం. అందుకే నాలుక దగ్గర కనిపించని కదలిక ఫ్లోట్ చివర కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇత్తడి పట్టీని పదే పదే అటూఇటూ వంచితే విరుగుతుంది. నాలుక లేని ప్లాస్టిక్ ఫ్లోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని వేడిచేసి వంచమని సలహా ఇచ్చేవారి మాట వినవద్దు.

ఇరుసు పిన్ను తీసేటప్పుడు మాత్రం ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. దాన్ని పట్టుకునే రెండు దిమ్మెలు బాడీతో పాటు పోత పోసినవి. ఒక్క సుత్తి దెబ్బకు విరిగితే కార్బొరేటర్ మొత్తం పోయినట్టే. పాత సైకిల్ స్పోకు ముక్క కొనను సమంగా రుద్ది, పిన్ను వదులుగా ఉన్న వైపుకు చేత్తోనే నెట్టి చూడండి. రాకపోతే ఒక రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయండి.

ఇత్తడి ఫ్లోట్‌లో పెట్రోలు గలగలమంటోంది. టంకం వేయించవచ్చా?

వేయించవచ్చు. కానీ లోపలి పెట్రోలు పూర్తిగా పోయేదాకా మంట దగ్గరికి తీసుకువెళ్లకూడదు. మూసి ఉన్న డబ్బాలో పెట్రోలు ఆవిరి ఉండగా వేడి తగిలితే పేలుతుంది.

చిల్లు ఎక్కడుందో తెలియాలంటే వేడి నీళ్లలో ముంచండి. లోపలి గాలి వ్యాకోచించి బుడగలు వస్తాయి, చోటు గుర్తు పెట్టుకోండి. పెట్రోలు బయటకు రావడానికి చిల్లును కొంచెం పెద్దది చేసి, ఎండలో బాగా ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయాకే టంకానికి ఇవ్వండి. ఇత్తడి రేకుల మీద పని తెలిసినవారు, వెండి పనివారు టంకాన్ని పలచగా, శుభ్రంగా పరుస్తారు. రేడియేటర్ షాపులో వేసే ముద్ద టంకం వద్దు. ఆ బరువుకు ఫ్లోట్ పెట్రోలులో మరింత మునుగుతుంది, మట్టం పెరుగుతుంది. పనికి ముందు ఆరిన ఫ్లోట్‌ను, తర్వాత అతికిన ఫ్లోట్‌ను నగల తూకం మీద పెట్టి చూడండి. తేడా కనిపిస్తే పాత ఫ్లోట్ ఎత్తు అంకె ఇక మీకు పనికిరాదు, గొట్టంతోనే సరిచేయాలి.

బౌల్ స్క్రూల తలలు అరిగిపోతున్నాయి. మంచి స్క్రూడ్రైవర్ ఏది?

జపాన్ తరహా కార్బొరేటర్ల స్క్రూలకు చాలాసార్లు ఫిలిప్స్ కాకుండా జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం గాడి ఉంటుంది. తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ అని గుర్తు. ఫిలిప్స్ మొన అందులో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి లేచి గాడిని తినేస్తుంది. ఒక్క జేఐఎస్ స్క్రూడ్రైవర్ కొనుక్కుంటే ఈ బాధ తీరుతుంది. నా లెక్కలో ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టదగిన పనిముట్టు ఇదే.

ఆర్‌డీ 350కి రెండు కార్బొరేటర్లు. రెంటికీ ఒకే అంకె పెట్టాలా?

అవును. పైగా రెండూ ఒకదానితో ఒకటి సమానంగా ఉండటం మాన్యువల్ అంకెను తాకడం కంటే ముఖ్యం. ఒకటి అర మిల్లీమీటరు పైన, ఒకటి అర మిల్లీమీటరు కింద ఉంటే రెండూ మాన్యువల్ హద్దుల్లోనే ఉన్నా సిలిండర్ల మధ్య ఒక మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. ఒకే కార్డు గేజ్‌తో రెంటినీ కొలవండి. కేబుళ్లు సమం చేయడం ఆ తర్వాతి పని.

పాత బుల్లెట్‌కు అమల్ మోనోబ్లాక్ ఉంది. నాలుక కనిపించడం లేదు.

ఉండదు. అందులో ఫ్లోట్ గది పక్కన ఉంటుంది, ఫ్లోట్ పక్క మూత వెనుక ఇరుసు మీద ఊగుతుంది. వంచి సరిచేసే ఏర్పాటు లేదు. మట్టం తప్పిందంటే నీడిల్, సీటు, ఫ్లోట్ అరిగాయని, లేదా తప్పు సామాను పడిందని అర్థం. తర్వాతి బుల్లెట్లలో వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24కి పైన చెప్పిన పద్ధతులు వర్తిస్తాయి.

మాన్యువల్ లేదు. అంకె ఎక్కడ దొరుకుతుంది?

బండి పేరుతో కాకుండా కార్బొరేటర్ బాడీ మీద పోత పోసిన నంబరుతో వెతకండి. 1985 నుంచి 1996 వరకు వచ్చిన ఆర్‌ఎక్స్ 100ల్లో చాలావాటికి ఇప్పుడు ఉన్నది అసలు కార్బొరేటర్ కాదు, ఆర్‌ఎక్స్ 135దో, నకలుదో. విదేశీ ఆర్‌డీ అంకెను ఇక్కడి ఆర్‌డీ రకాలైన హై టార్క్, లో టార్క్ బండ్లకు కళ్లు మూసుకుని పెట్టవద్దు. యెజ్దీకి మైసూరు ఐడియల్ జావా వారి పాత సర్వీసు పుస్తకం నకలు సంపాదించడం ఉత్తమం. ఏదీ దొరకకపోతే, బాగా నడుస్తున్న అలాంటి బండినే అడిగి, గొట్టం పెట్టి దాని మట్టం కొలిచి రాసుకోండి.

ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. ఫ్లోట్ లెవెల్ పెంచాలా?

అక్కరలేదు. ఇథనాల్ సాంద్రత లీటరుకు 0.789 కిలోలు, పెట్రోలుది 0.72 నుంచి 0.775 మధ్య. ఇరవై శాతం కలిపితే మొత్తం సాంద్రతలో మార్పు ఒక శాతం చుట్టుపక్కలే. దానివల్ల ఫ్లోట్ తేలే ఎత్తులో వచ్చే తేడా మీ వెర్నియర్ చేతి వణుకు కంటే తక్కువ.

మిశ్రమం పలచబడటం మాత్రం నిజమే. శుద్ధ పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 వంతులే చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం అందాలి. ఆ పని పైలట్ జెట్టు, మెయిన్ జెట్టు, స్లైడు సూది (ఫ్లోట్ నీడిల్ కాదు, త్రాటిల్ స్లైడుతో పాటు కదిలేది) క్లిప్పు చేయాలి. ఫ్లోట్ లెవెల్ పెంచితే ఐడిల్ మసిబారుతుంది, ఫుల్ త్రాటిల్ మాత్రం అలాగే పలచగా మిగులుతుంది. ఈ20 వల్ల నిజంగా మారాల్సింది రబ్బరు. పాత నైట్రైల్ కొన ఉన్న నీడిల్ తీసేసి వైటాన్ కొన ఉన్నది వేయండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా. బండి నెలల తరబడి నిలిచి ఉంటే బౌల్ ఖాళీ చేయండి. లేకపోతే అడుగున తెల్లటి పొడి పేరుకుని పైలట్ జెట్టు మూసుకుపోతుంది.

మే నెలలో బండి ఆపి పది నిమిషాల తర్వాత కిక్కు కొడితే స్టార్ట్ కావడం లేదు. లెవెల్ తగ్గించనా?

తగ్గించకండి. రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే ఎండలో, ఆపిన ఇంజిన్ వేడి బౌల్‌కు ఎక్కి పెట్రోలులోని తేలిక భాగం మరుగుతుంది. ఆవిరి ఇంజిన్‌లోకి చేరి మిశ్రమం చిక్కబడుతుంది. చోక్ ముట్టుకోకుండా త్రాటిల్ పూర్తిగా తెరిచి కిక్కు కొట్టండి. కార్బొరేటర్‌కు, సిలిండర్‌కు మధ్య ఉండే మందపాటి ఇన్సులేటర్ దిమ్మె ఉందో లేదో చూడండి. పాత రిపేర్లలో దాన్ని తీసేసి కాగితం గాస్కెట్ మాత్రమే పెట్టిన బండ్లు చాలా ఉన్నాయి.

ఇంట్లో ఈ పని చేయడం ప్రమాదమా?

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నేల వెంట పాకి దూరంగా ఉన్న నిప్పును చేరుతుంది. వంటింటి గోడ పక్కన, పూజ గది దీపం వెలుగుతుండగా, ఇన్వర్టర్ దగ్గర చేయవద్దు. ఆరుబయట, నీడలో, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని చేయండి. కొలిచిన పెట్రోలును నీళ్ల సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి.

చేతక్ స్కూటర్‌కు కూడా ఇదే పద్ధతా?

కాదు. చేతక్ కార్బొరేటర్ ఫ్లోట్‌కు సరిచేసే వీలు లేదు. కారితే నీడిల్, లేదంటే ఫ్లోట్ మార్చడమే.

హన్మకొండలో సరిచేసిన బండిని ఊటీకి తీసుకెళితే లెవెల్ మళ్లీ మార్చాలా?

మన వరంగల్ సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల లోపే, ఊటీ సుమారు 2,240 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి మిశ్రమం చిక్కబడుతుంది, బండి బరువెక్కుతుంది. కానీ పెట్రోలు తేలే మట్టానికి ఎత్తుతో పని లేదు. కొండ మీద కొన్ని రోజులే ఉంటే ఐడిల్ గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూ కొద్దిగా విప్పి, స్లైడు సూదిని ఒక గాడి దించండి. తిరిగి మైదానానికి దిగే ముందు రెంటినీ పాత చోటికి తెచ్చుకోండి, ముఖ్యంగా టూ స్ట్రోక్ బండి అయితే.